పారవేసే వస్తువులతో పండుగ కళ

2020 మే 25న వచ్చిన ఈదుల్ ఫిత్ర్‌ను మన కుటుంబాలు అంత తేలికగా మరచిపోలేవు. ఈద్‌గాహ్‌ల ద్వారాలు మూసి ఉన్నాయి. పండుగ నమాజు ఇళ్లలోనే జరిగింది. ఆలింగనాలు లేవు, బంధువుల రాకపోకలు లేవు, కొత్త బట్టల మాట సరేసరి. ఆ రమజాన్ ఆఖరి పది రోజుల్లో ఒకనాడు మా ఇంటి చిన్నది, అప్పటికి ఆరేళ్లది, వాళ్ల దాదీ మోకాళ్ల మీద వాలి, "దాదీజాన్, ఈసారి పండుగ మనింటికి రాదా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు మేమెవరమూ సిద్ధంగా లేము. మా అత్తగారు మాత్రం తడుముకోలేదు. "ఎందుకు రాదు బేటీ? ముందు అటక మీది అట్టపెట్టె దింపించు" అన్నారు.

ఆమె దేనినీ పారవేసే మనిషి కాదు. ఆ అలవాటును మేము ఎన్నోసార్లు విసుక్కున్నాము కూడా. ఆనాడు దింపిన పెట్టెలో ఏళ్ల తరబడి వచ్చిన శుభలేఖలు, చిరిగిన చీరల జరీ అంచులు, మిఠాయి డబ్బాల మూతలు, పురికొస ఉండలు, రవిక గుడ్డల కత్తిరింపులు ఉన్నాయి. మూడు రోజులు ఇల్లంతా నేల మీదే కూర్చుంది. పండుగ నాటికి గుమ్మానికి ఒక తోరణం, కిటికీకి ఎనిమిది కోణాల నక్షత్రాలు, హాలు గోడకు ఒక పెద్ద నెలవంక అమరాయి. అయిన ఖర్చు కాస్త మైదాపిండి.

తరువాతి సంవత్సరాలలో బజార్లు తెరుచుకున్నాయి. రంగురంగుల ప్లాస్టిక్ తోరణాలు, మెరుపు కాగితాలు, అక్షరాలు అచ్చువేసిన బుడగలు మళ్లీ అంగళ్ల ముందు వేలాడాయి. మేము మాత్రం తిరిగి వాటి జోలికి పోలేదు. మొదటి ఏడాది గత్యంతరం లేక చేసిన పనిని తరువాత ఇష్టంతోనే కొనసాగించాము. ఆ క్రమంలో నేర్చుకున్నవి, చేసిన పొరపాట్లు ఇక్కడ పాఠకులతో పంచుకోదలచాము. ఒక పొరపాటైతే మమ్మల్ని చాలాకాలం బాధించింది.

అసలు పండుగకు ఇల్లు అలంకరించడం ఎంతవరకు తగును అని అడిగే పెద్దలున్నారు. ఆ ప్రశ్నను తేలికగా కొట్టివేయకూడదు. పండుగ నాటి సంతోషం మన ధర్మంలో నిరాకరించబడలేదు. ఈద్ రోజున హజ్రత్ ఆయిషా (రజి) వద్ద ఇద్దరు బాలికలు పాడుతూ ఉండగా హజ్రత్ అబూబక్ర్ (రజి) మందలించబోతే, దైవప్రవక్త (సల్లం) వారించి, ప్రతి జాతికీ ఒక పండుగ ఉంటుందనీ, ఇది మన పండుగ అనీ తెలియజేసిన సంఘటన బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. అయితే దుబారా చేసేవారిని షైతానుల సోదరులుగా పేర్కొన్న ఆయతు కూడా బనీ ఇస్రాయీల్ సూరాలో ఉంది.

ఈ రెండింటి నడుమ మాకు దారి చూపినది సహీహ్ ముస్లింలోని మరొక సంఘటన. దైవప్రవక్త (సల్లం) ఒక యాత్రకు వెళ్లినప్పుడు హజ్రత్ ఆయిషా (రజి) ద్వారానికి ఒక బట్ట తెరగా కట్టారు. తిరిగివచ్చిన ఆయన (సల్లం) ముఖంలో అయిష్టం కనబడింది. రాళ్లకూ మట్టికీ బట్టలు తొడగమని అల్లాహ్ మనకు ఆజ్ఞాపించలేదన్న భావంతో పలికి, ఆ తెరను లాగివేశారు. అది చిరిగింది. ఈ హదీసును ప్రస్తావించేవారు చాలామంది ఇక్కడితో ఆగుతారు. కాని ఆయిషా (రజి) అంతటితో ఆపలేదు. ఆ చిరిగిన బట్టను ఆమె పారవేయలేదు. దానిని కోసి, ఖర్జూరపు పీచు కూరి, రెండు దిండ్లు చేశారు. దానికి ఆయన (సల్లం) అభ్యంతరం చెప్పలేదు. గోడను కప్పిన బట్ట కూర్చునేవారికి ఆనుడు దిండయింది. ఈ రెండవ భాగం మీద మనం పెట్టవలసినంత శ్రద్ధ పెట్టడం లేదని మా అభిప్రాయం. పిల్లలు కట్టుకునే కాగితపు తోరణానికీ, గోడలను ఖరీదైన తెరలతో కప్పే ఆడంబరానికీ తేడా ఉన్నదనే మేము భావిస్తాము. అయినా ఏదైనా గోడకు తగిలించే ముందు ఆ రెండు దిండ్లను ఒకసారి తలచుకుంటాము.

ఇక పని సంగతి. ఇటీవలి సంవత్సరాలలో రమజాన్ మాసం బడి పరీక్షల కాలంలో వస్తున్నది. అంటే ప్రతి ఇంట్లోనూ రాసి ముగించిన నోటు పుస్తకాలు గుట్టగా ఉండే సమయమన్నమాట. వాటి అట్టలు గట్టివి, లోపలి కాగితం మెత్తగా మడతపడుతుంది. మేము మొదట చేసేది ఉంగరాల గొలుసు. రెండు అంగుళాల వెడల్పు, ఎనిమిది అంగుళాల పొడవు గల కాగితపు పట్టీని ఉంగరంలా చుట్టి అతికించాలి. తరువాతి పట్టీని దాని గుండా దూర్చి చుట్టాలి. ఇది ప్రతి పిల్లవాడికీ తెలిసిన పనే. మేము చేర్చినది ఒక్కటే. గొలుసులో సరిగ్గా ముప్పై ఉంగరాలు ఉంటాయి. ప్రతి ఉంగరం లోపలి వైపున పిల్లలు తాము చేయదలచిన ఒక చిన్న మంచిపనిని రాస్తారు. మెట్లు ఎక్కలేని పక్కింటి నానీకి ఇఫ్తార్ అందించి రావడం, తమ్ముడితో ఒక రోజంతా తగవు పడకుండా ఉండడం (ఇది అన్నిటికన్నా కష్టమైనదని మా అనుభవం), దాబా మీద పిట్టలకు నీళ్లు పెట్టడం వంటివి. ప్రతి రోజూ ఇఫ్తార్‌కు ముందు ఒక ఉంగరం తెంపి చదువుతారు.

చివరి ఉంగరాన్ని మాత్రం వేరే రంగుతో చేస్తాము. మాసం ఇరవై తొమ్మిది రోజులో ముప్పై రోజులో నెలవంక చెప్పాలి గదా. ఇరవై తొమ్మిదవ సాయంత్రం అందరమూ దాబా ఎక్కి పడమటి దిక్కు చూస్తూ ఉంటే, కింద హాలులో ఆ ఒక్క ఉంగరం ఒంటరిగా వేలాడుతూ ఉంటుంది.

జిగురు కోసం అంగడికి పోనవసరం లేదు. నాలుగు పెద్ద చెంచాల మైదాను పావు గ్లాసు చన్నీళ్లలో ఉండలు కట్టకుండా కలిపి, మరుగుతున్న ఒక గ్లాసు నీటిలో సన్నగా పోస్తూ గరిటెతో తిప్పుతుండాలి. గంజి చిక్కబడి నిగనిగలాడగానే దించాలి. గోడపత్రికలు అంటించేవారు పురుగు పట్టకుండా ఇందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం. చిన్నపిల్లల చేతులు నోట్లోకి పోయే ఇంట్లో దాని పేరు కూడా ఎత్తకూడదు. ఏ రోజుకు కావలసినది ఆ రోజే కాచుకుంటే చాలు. మరీ చిన్న పనికి మా చిన్నతనంలో వాడిన అన్నం మెతుకులే దివ్యంగా అతుకుతాయి.

నోటు పుస్తకాల కాగితం, పిండి జిగురు అనగానే కైరో నగరం గుర్తుకు వస్తుంది. ఈజిప్టులోని పాత వాడలలో రమజాన్ రాకముందే పిల్లలు తమ పాత నోటు పుస్తకాల పుటలను కత్తిరించి, పిండి జిగురుతో తాళ్లకు అతికించి, వీధికి ఈ పక్క మేడ నుండి ఆ పక్క మేడకు తోరణాలు కట్టే అలవాటు తరతరాలుగా ఉన్నది. వాడ అంతా ఒకే తోరణం కింద ఉంటుంది. ఆ దేశపు రమజాన్ లాంతరును ఫానూస్ అంటారు. ఉర్దూ తెలిసిన మన ఇళ్లలోనూ ఆ మాట కొత్తది కాదు. బాబ్ జువేలా పరిసరాలలోని పనివారు రేకును కత్తిరించి, రంగు గాజు ముక్కలు పొదిగి వీటిని చేస్తారు. తరువాత పాటలు పాడే ప్లాస్టిక్ ఫానూస్‌లు విదేశాల నుండి వెల్లువలా వచ్చిపడ్డాయి. చివరకు 2015లో అక్కడి ప్రభుత్వం జానపద కళావస్తువుల దిగుమతిని నిషేధించింది. ఆ నిషేధం ఈ లాంతర్లకూ వర్తించింది.

మన దేశంలోనూ ఒక నిషేధం ఉన్నది, చాలామంది గమనించరు. 2022 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ వస్తువుల నిషేధంలో ప్లాస్టిక్ జెండాలు, బుడగలకు తగిలించే ప్లాస్టిక్ పుల్లలు, అలంకరణకు వాడే థర్మాకోల్ చేరి ఉన్నాయి. పండుగ వీధులలో మనం చూసే అలంకరణలో సగం ఇదే.

రేకు డబ్బాతో ఫానూస్ వంటిది మేమూ చేశాము. నెయ్యి డబ్బా గాని పాలపొడి డబ్బా గాని తీసుకుని, ఊరికే మేకుతో కొడితే రేకు లోపలికి సొట్టపోతుంది. డబ్బాలో ముప్పాతిక వరకు నీళ్లు పోసి ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, ఆ మంచు కరగకముందే బయటినుండి మేకుతో చుక్కలు కొడితే రంధ్రాలు శుభ్రంగా పడతాయి. నిండా నీళ్లు పోస్తే మాత్రం మంచు పెరిగి అడుగు ఉబ్బిపోతుంది. మా మొదటి డబ్బా అలాగే పాడై, నేల మీద నిలువలేక దొర్లింది. ఫ్రిజ్ లేనివారు తడి ఇసుకను దట్టంగా కూరి కొట్టుకోవచ్చు. కోసిన అంచులను సుత్తితో లోపలికి మడవాలి. సుత్తి పని పెద్దలదే. లోపల చిన్న బ్యాటరీ దీపం పెడితే చుక్కల వెలుగు గోడంతా పరుచుకుంటుంది. కొవ్వొత్తి పెట్టవద్దని గట్టిగా చెబుతున్నాము. దుపట్టాలు, కాగితపు తోరణాలు, పరుగెత్తే పిల్లలు ఉన్న ఇంట్లో మంటతో వేడుక పనికిరాదు.

ఇప్పుడు ఆ పొరపాటు సంగతి.

2022 పండుగకు మేము పాత పత్రికలతో చాలా పొడవైన జెండాల తోరణం చేశాము. మా ఇంటికి తెలుగు పత్రికతోపాటు ఉర్దూ పత్రిక కూడా వస్తుంది. పిల్లలకు ఉర్దూ అక్షరాల వంపు నచ్చి ఆ పుటలనే ఎక్కువగా కత్తిరించారు. పండుగ ఉదయం నమాజు ముగించుకుని బంధువులు వస్తున్న వేళ, ఫంకా గాలికి ఆ తోరణం ఒక వైపు ఊడి గుమ్మం దగ్గర చెప్పుల మీద పడింది. ఇద్దరు ముగ్గురు దానిని దాటి లోపలికి వచ్చారు. మా బడే అబ్బా మాత్రం ఆగారు. ఎనభై దాటిన మనిషి, గోడ పట్టుకుని వంగి, ఒక జెండాను చేతిలోకి తీసుకుని చదివారు. అది పత్రికలో రోజూ వచ్చే ధార్మిక శీర్షిక తునక. అందులో ఒక ఆయతు ఉన్నది.

ఆయన ఏమీ అనలేదు. దానిని కళ్లకు అద్దుకుని, షేర్వానీ జేబులో పెట్టుకుని, మిగిలిన జెండాలను ఒక్కొక్కటే వెనక్కి తిప్పి చూడసాగారు. షీర్ ఖుర్మా గిన్నెలు చల్లారిపోయాయి. ఆయన తిట్టి ఉంటే మాకు కాస్త తేలికగా ఉండేది. కాసేపటికి పిల్లలూ ఆయన పక్కన కూర్చుని వెదకడం మొదలుపెట్టారు. అటువంటివి పదకొండు దొరికాయి.

వ్యర్థ కాగితంతో వస్తువులు చేయమని సలహా ఇచ్చే వ్యాసాలలో మన ఇళ్లకు సంబంధించిన ఈ జాగ్రత్త మాకు ఎక్కడా కనబడలేదు. అందుకే వివరంగా రాస్తున్నాము. కత్తెర పట్టకముందే కాగితాన్ని రెండు వైపులా చదవాలి. ఉర్దూ, అరబీ పుటలే కాదు, రమజాన్‌లో తెలుగు పత్రికలు ప్రచురించే ప్రత్యేక పుటలలోనూ ఆయతుల అనువాదాలు, హదీసులు ఉంటాయి. శుభలేఖలు మరీ జాగ్రత్తగా చూడాలి. పైన బిస్మిల్లాహ్ ఉంటుంది. వరుని పేరు అబ్దుల్లా కావచ్చు, వధువు తండ్రి పేరు అబ్దుర్రహ్మాన్ కావచ్చు. ఆ పేర్లలో అల్లాహ్ నామం ఉన్నది. మేము శుభలేఖలో రాత ఉన్న భాగాన్ని వేరుచేసి, అంచుల పూలు, బంగారు రంగు గీతలు, వెనుక ఖాళీ అట్ట మాత్రమే వాడుకుంటున్నాము. వేరుచేసిన వాటికి ఇంట్లో ఎత్తుగా ఒక గుడ్డ సంచి వేలాడుతున్నది. నిండినప్పుడు మా మొహల్లా మస్జిదులో ఇస్తాము, వారు శుభ్రమైన చోట పాతిపెడతారు. పిల్లల నోటు పుస్తకాలలో మద్రసావి వేరు, బడివి వేరు. ఆ రెండింటినీ ఒకే గుట్టలో కలపకూడదు.

రంగు పత్రికలలో ఇంకొక చిక్కు ఉన్నది, అది కొంచెం నవ్వు తెప్పించేది. నిగనిగలాడే కాగితం దాదాపు అంతా సినిమా తారల ముఖాలే. ఒక ఏడాది మా నెలవంకలో ఒక కథానాయకుని మీసం తేలింది. అందుకని ఇప్పుడు చీరల ప్రకటనలు, ఆకాశం, చెట్లు, ఇళ్ల బొమ్మలు ఉన్న భాగాలే ఏరుకుంటున్నాము. నక్షత్రానికి రెండు సమాన చతురస్రాలు చాలు. ఒకదాని మీద ఒకటి పెట్టి పైదానిని సగం కోణం తిప్పి అతికిస్తే ఎనిమిది కోణాలు వస్తాయి. మన కట్టడాలలోనూ, ముస్హఫ్ అంచులలోనూ తరచు కనిపించే ఆకారమే ఇది. చిప్స్ పొట్లాల లోపలి వెండి వైపును సబ్బునీటితో కడిగి ఆరబెట్టి ఆ చతురస్రాల మీద అతికిస్తే దీపపు వెలుగులో మెరుస్తాయి. సరిగా కడగకపోతే చీమలు వస్తాయి.

మా అందరికీ ఇష్టమైనది ఖర్జూరపు గింజల నెలవంక. ఇంట్లో ఆరుగురు, ఇఫ్తార్‌కు తలా మూడు ఖర్జూరాలనుకుంటే ముప్పై రోజులకు 540 గింజలు. వాటిని రోజూ కడిగి ఎండలో ఆరబెట్టి సీసాలో వేస్తాము. సీసా నిండుతూ రావడం పిల్లలకు మాసం గడుస్తున్నదనడానికి మరొక గుర్తు. ఆఖరి రోజులలో అట్టపెట్టె నుండి పెద్ద నెలవంకను కోసి, గింజలను గాడి పైకి వచ్చేట్టు వరుసగా అతికిస్తాము. దీనికి మైదా జిగురు ఆగదు, వడ్రంగులు వాడే తెల్ల జిగురు కావాలి. రంగు వేయవలసిన పనిలేదు. ఆ గోధుమ రంగే అందం.

బట్ట ముక్కల పని మా అత్తగారిది. పాత చీరలతో బొంతలు కుట్టిన చేయి ఆమెది. జరీ అంచులను కలిపి దస్తర్‌ఖాన్‌కు కుచ్చులు కుడతారు. పాడైన తెరలతో గలీబులు కుడతారు. ఎవరైనా మెచ్చుకుంటే ఆమె ఆయిషా (రజి) దిండ్ల సంగతే చెబుతారు, కుట్టు ఆపకుండా.

ఒక్క విషయం ఇంటి యజమానులతో చెప్పాలి. రమజాన్‌లో స్త్రీలకు సహరీ వంట, ఇఫ్తార్ వంట, పండుగ పిండివంటలు ఉండనే ఉంటాయి. ఉపవాసంతో ఉన్న ఆ చేతుల మీద ఈ పని కూడా వేస్తే అది అలంకరణ కాదు, భారం. మా ఇంట్లో కత్తెర, జిగురు, ఊడ్పు మూడూ పిల్లలవీ మగవారివీ. అస్ర్ తరువాత సెల్‌ఫోన్ చేతిలో పట్టుకుని మగ్‌రిబ్ అజాన్ కోసం ఎదురుచూసే సమయం దీనికి సరిపోతుంది.

మిగిలిన డబ్బు సంగతి కూడా చాలామంది అడిగారు. ఫిత్రా ఎలాగూ మన మీద ఉన్న బాధ్యత. ఇంటిలోని ప్రతి ఒక్కరి తరఫున, పండుగ నమాజుకు ముందే ఇవ్వవలసినది. అలంకరణలో మిగిలిన దానిని అందులో కలిపి లెక్కచూసుకోవడం సరికాదు. మేము ఏటా తోరణాలకూ సీరియల్ దీపాలకూ పెట్టే మొత్తాన్ని విడిగా తీసి, మా వీధిలో తండ్రి లేని ఒక ఇంటి పిల్లల పండుగ బట్టలకు ఇస్తున్నాము. ఆ పిల్లలు మా గొలుసు పనికి వస్తారు. ఎవరి ఇంటి తోరణం ఎక్కువ ఖరీదైనదన్న మాట మా వీధి పిల్లల నోట ఇప్పుడు అంతగా వినబడడం లేదు.

2024లో మాసం ముప్పై రోజులు నిండింది, ముప్పై ఉంగరాలూ తెగాయి. 2025లో మార్చి 30 సాయంత్రమే నెలవంక కనబడింది. దాబా మీది నుండి అందరూ "చాంద్ ముబారక్" అంటూ దిగివస్తే హాలులో ఆకుపచ్చ ఉంగరం అలాగే ఉన్నది. ఆనాడు పండుగ రాదా అని అడిగిన పిల్లకు ఇప్పుడు పదకొండేళ్లు. ఆ ఉంగరం రాసినది తానే. మరునాడు ఫజ్ర్ తరువాత దానిని తెంపి, లోపల రాసినది మాకెవరికీ చూపకుండా మడిచి పట్టుకుని, ఒక గిన్నెడు షీర్ ఖుర్మా తీసుకుని బడే అబ్బా ఇంటికి వెళ్లింది. ఆయన పండుగ నమాజుకు బయలుదేరేలోగా ఆయన చెప్పులు తుడిచి వరుసగా పెట్టి వచ్చింది.